పెయింట్ బకెట్లలో పల్లిచేను

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, జూన్ నెల. కోరుట్లలో నేను విత్తనాల దుకాణం పెట్టి అప్పటికి పదిహేడేళ్లు. మొదటి వాన పడ్డ రోజు మాకు ఊపిరి సలపదు. వరికీ మక్కకూ రాయికల్ దాకా ఉన్న ఊళ్ల రైతులంతా కౌంటర్ మీద పడతారు. ఆ గుంపులోంచి ఒకామె చెయ్యి చాచింది.

"సేటూ, గుప్పెడు పల్లిగింజలు గావాలె."

పల్లి విత్తనం నేను బస్తాల్లెక్కన అమ్ముతాను. "గుప్పెటితోని ఏం జేస్తవ్ చెల్లె, చట్నీ నూరుతవా?" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు.

"మా ఇంటి బంగ్ల మీద పెడ్త. పెయింట్ బకెట్లు అయిదున్నయి. మా ఆయన దుబాయ్‌ల ఉంటడు, దసరాకు నెల రోజులు వస్తుండు. చిన్నగున్నప్పుడు గాయన పల్లికాయ ఏరవోతే, సాయంత్రం ఆసామి జేబులు జూసి, నోరు గూడ తెరిపిచ్చి జూసి పంపేటోడట. మాకు గుంటెడు భూమి లేదు. ఒక్కసారన్న మన చెట్టు మనం పీకాల్నని నా ఆశ."

నా వెటకారం నాకే చేదనిపించింది. జర్మినేషన్ టెస్టుకు, అంటే వందలో ఎన్ని మొలుస్తాయో చూడటానికి, పక్కన పెట్టిన గింజల్లోంచి గుప్పెడు తీసి కాగితంలో చుట్టి ఇచ్చాను. "బకెట్ల అడుగున చిల్లులు వెట్టు. ఎర్రమన్ను, పశువుల ఎరువు కలిపి నింపు. నీళ్లు నిలవనియ్యకు." అంతే, పక్క గిరాకీ వైపు తిరిగిపోయాను. మిగతాది చెప్పాలని తోచనే లేదు. నా దగ్గరకొచ్చే రైతులు అది తల్లి కడుపులోనే నేర్చుకొచ్చిన వాళ్లు మరి.

ఆగస్టు చివర ఆమె మళ్లీ వచ్చింది. పేరు రాజమణి అని అప్పుడు తెలిసింది. "చెట్లు మంచిగ వెరిగినయి సేటూ. పూత గూడ మస్తు వూసింది. గని తవ్వి జూస్తే ఒక్క కాయ లేదు." కాయ గట్టిపడటానికి వేసే జిప్సం ప్యాకెట్ మీదికి నా చెయ్యి దానంతటదే పోయింది. రోగం చూడకుండా మందివ్వడం మా వ్యాపారంలో పాత జబ్బు. ఈలోపు ఆమె ఫోన్‌లో ఫోటో చూపించింది. మంగలి దగ్గరికి పోయొచ్చినట్టు మొక్కలు మరీ నున్నగా ఉన్నాయి. అనుమానమొచ్చి, సాయంత్రం వస్తానన్నాను.

వాళ్లింటి మెట్ల మీద చాట, చాట నిండా తునికాకు, తంబాకు, దారపు ఉండ, కత్తెర. ఇరవై ఏళ్లుగా ఆమెది బీడీల పని. పొలం పనికి ఎన్నడూ పోలేదు. డాబా పైకి పోయి బకెట్ల ముందు కూర్చున్నాను.

"పూత రాలినంక కొమ్మలకెళ్లి సూదుల్లాంటివి కిందికి దిగలేదా?"

"దిగినయి సేటూ. దారం పోగుల లెక్క ఏలాడుతుంటే రోజు పొద్దుగాల కత్తెరతోని సాపు జేస్తున్న."

బీడీకి ఆకు కొస ఏమాత్రం బయటికొచ్చినా కార్ఖానాలో చాటన్‌లో, అంటే మంచీ చెడూ ఏరే దగ్గర, పక్కకు పారేస్తారు. ఇరవై ఏళ్లు ఆ భయంతో పనిచేసిన చెయ్యి పొడుచుకొచ్చిన దేన్నీ వదలదు. ఆమె రోజూ సాపు చేసింది ఊడల్ని. పుస్తకాల్లో వాటిని పెగ్స్ అంటారు. పువ్వు రాలిన చోటు నుంచి దిగి మట్టిలోకి గుచ్చుకుంటాయి. కాయ పట్టేది వాటి కొసకే. అదంతా చెప్పేసరికి రాజమణి గోడకానుకొని కూలబడింది.

"అంటే నా చేతులతోని నేనే కోసుకున్ననా?"

మొదట కసురుకోబోయాను, నా నోరు అలాంటిది. కానీ తప్పు నాది కూడా. "నువ్వు కోసినవ్, నేను జెప్పలేదు. ఇంకా పూత ఉంది, కాయ ముదరనీకి రెండు నెలలు వడ్తది. రేపటి సంది కత్తెర కిందనే వెట్టి రా" అన్నాను. ఇద్దరం కలిసి మొదళ్ల చుట్టూ మన్ను ఎగదోశాం. ఆమె దిగులు చూడలేక, "కాకపోతే బజార్ల పచ్చికాయ తెచ్చి మట్టిల వాతిపెడదాం, ఎవలికి తెలుస్తది?" అన్నాను.

"గాయనను చిన్నప్పటి సంది అందరు దబాయించుడే. ఇగ నేను గూడ మోసం జెయ్యాల్నా?"



దసరాకు ఆమె భర్త గంగారాం వచ్చాడు. వచ్చిన రోజే ఒక కాయ తవ్వి చూస్తే లోపల నీళ్లే ఉన్నాయట. మళ్లీ ముట్టవద్దని రాజమణి ఒట్టు పెట్టించుకుంది. రోజులు గడుస్తుంటే నాకే భయమేసింది. కాయ ముదిరేలోపు అతని విమానం టైమయ్యేలా ఉంది. అతను పోవడానికి రెండు రోజుల ముందు రాజమణి ఫోన్ చేసింది. "రేపు పొద్దుగాల పీకుతున్నం సేటూ. నువ్వు గూడ రావాలె."

గంగారాం మొదటి చెట్టు మొదలు పట్టుకొని నెమ్మదిగా లాగాడు. మట్టితో ఎనిమిదో తొమ్మిదో కాయలు. గింజ నిండింది. హమ్మయ్య అనుకున్నాను. అతను ఒక కాయ ఒలిచి, అటూ ఇటూ చూసి, గింజల్ని గభాలున నోట్లో వేసుకొని, చప్పుడు కాకుండా బుగ్గన పెట్టుకున్నాడు. నలభై ఏళ్లు దాటిన మనిషి, సొంత ఇంటి మీద.

రాజమణి చూసింది. "ఎవ్వలు జూస్తలేరు. జూస్తే మాత్రం ఏమైతది? మనయే. గట్టిగ నములు."

అప్పుడు నమిలాడు. నములుతూనే ఏడ్చాడు, ఆ వెంటనే నవ్వాడు.

ఇప్పుడు ఎంత రద్దీ ఉన్నా, కొత్త ముఖం కనిపిస్తే ముందు "ఏం పనిజేస్తవ్?" అని అడుగుతాను, తర్వాతే విత్తనం. ఊడల సంగతి మాత్రం అందరికీ చెబుతాను. ముసలి రైతులు "మాకే నేర్పుతున్నవా?" అని కసురుతారు. పడతాను. ఆ జూన్ నాడు కౌంటర్ దగ్గర నేను మిగుల్చుకున్నది ఒక్క నిమిషం. రెండేళ్లకొకసారి ఇంటికొచ్చే మనిషి ఆ నిమిషం మూలంగా తన సెలవంతా బకెట్ల పక్కన కూర్చొని ఎదురుచూశాడు.