కళ్ళు తెరిచిన రాయి

పదకొండేళ్ళుగా ఒక మనిషి కుడిచెయ్యి నా మీద ఉంది. తీసేద్దామంటే రాదు. మా ఆవిడకు చెప్పలేదు. దేవుడికీ చెప్పలేదు, ఆయన అడగలేదు కనుక. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఖతర్‌లో మెసయీద్ ఊరికి వెళ్ళే దారిలో ఒక రాళ్ళ యార్డులో నేను సూపర్‌వైజర్ని. సూపరూ కాదు, వైజూ కాదు. చేతిలో రిజిస్టరు, నెత్తిన తెల్ల హెల్మెట్టు, అంతే. నా కింద పనిచేసే శిల్పి నాగన్న, గద్వాల దిక్కువాడు. విల్లాల గోడలకు పూలూ తీగలూ చెక్కేవాడు. ఆ యార్డులో నాతో తెలుగు మాట్లాడే మనిషి అతనొక్కడే.

మా రాళ్ళను ఓకే చేసే ఇంజినీరు ఐర్లాండ్ మనిషి. ఓ రోజు ఫోనులో ఒక ఫొటో చూపించాడు. వాళ్ళ దేశంలో పాత చర్చి గోడ మీది ఆడబొమ్మ. బోడితల, పొడుచుకొచ్చిన కళ్ళు, లెక్కపెట్టగలిగే పక్కటెముకలు. కాళ్ళు ఎడం చేసి, తన యోనిని తన రెండు చేతులతోనే విప్పి చూపిస్తోంది. చెడును తరమడానికి పెట్టేవారట. అలాంటిదొకటి తన ఇంటికి కావాలన్నాడు. కాదంటే నా రాళ్ళన్నీ తిరిగొస్తాయని భయం. కంపెనీకి తెలియకుండా నాగన్న చేత చెక్కించాను.

జులై నెల. ఎండకు మధ్యాహ్నం పని ఆపేసే వేళ. యార్డులో ఎవరూ లేరు. సాయంత్రం మా మేనేజరు, అక్కడి మాటలో ముదీర్, షెడ్లన్నీ చూడటానికి వస్తాడని కబురొచ్చింది. ఈ దేశంలో ఆ బొమ్మతో దొరికితే? నా గుండె అప్పుడే హైదరాబాద్ విమానం ఎక్కేసింది. పరుగున షెడ్డుకు వెళ్ళాను. నాగన్న దాని పొట్టకు వెన్న రాస్తున్నాడు. మెస్సులో ఇచ్చే చిన్న ప్యాకెట్లలోది.

"పగలగొట్టు," అన్నాను. "యల్లా, తొందరగా."

"పొద్దుగాలనే దీని కండ్లు తెరిచిన, అన్నా. ఇగ ఇది రాయి గాదు."

శిల్పుల ఆచారం అది. కళ్ళు ఆఖర్న చెక్కుతారు. ఒకసారి తెరిచాక ఆ బొమ్మ మీద ఉలి కూడా వెయ్యరు.

"ఈ దయ్యానికి ప్రాణప్రతిష్ఠ ఒకటా!"

"దయ్యమనకు. మా అలంపురంల అమ్మ గిట్లనే ఉంటది. ఆమెకు తలకాయ ఉండది, ఈమెకు ఉన్నది, గంతే ఫరక్. మీ మరదలు ఆమెకు వెన్న రాసినంకనే మాకు బిడ్డ పుట్టింది."

"ముదీర్ చూస్తే ఇద్దరం పోతాం, నాగన్నా!"

"నువ్వు పోయి ఛాయ్ తాగన్నా. నేను గోనె కప్పి ఇసుకల దాస్త."

ఖతర్‌లో ఇసుకకు కరువా? సరే అంటే సరిపోయేది. కానీ భయంతో వణుకుతున్నవాణ్ణి నా కిందివాడు ఛాయ్ తాగమన్నాడు. సమ్మెట ఎత్తాను.

మొదటి దెబ్బకు బొమ్మ మోకాలు ఊడి పడింది. రాతి పెళ్ళ ఎగిరి నా చెంప కోసింది. ఆ మంటకు ఇంకా పిచ్చెక్కింది. ఆ కళ్ళు నన్నే చూస్తున్నట్టున్నాయి. ముఖం మీదికి మళ్ళీ ఎత్తాను. నాగన్న అరుస్తూ తన కుడిచెయ్యి ఆ ముఖం మీద పరిచాడు.

ఎముక చప్పుడు రాయి చప్పుడులా ఉండదు. తడిగా ఉంటుంది. మూడు వేళ్ళు రాతి మీద నలిగిపోయాయి. బొమ్మ కళ్ళలో నెత్తురు నిండింది. అతను చెయ్యి లాక్కుని నేల మీద పొర్లుతుంటే నేను ఆగానా? లేదు. మరో నాలుగు దెబ్బలు, ఆ ముఖం పిండి అయ్యేదాకా. అంబులెన్సుకు ఫోన్ చేసింది ఆ తర్వాతే.

ఆసుపత్రిలో డాక్టరు అడిగితే, నాకంటే ముందు నాగన్నే అన్నాడు, రాయి జారిందని. నా ముఖం చూస్తూ అన్నాడు. దాన్ని క్షమించడమనుకున్నాను. కాదు, నా కింద బతికే మనిషి భయం అది. రిపోర్టు నన్నే రాయమన్నారు. రాయి గురించి రాయడానికి రాయిలాంటివాడే దొరికాడు వాళ్ళకు. కార్మికుడి అజాగ్రత్త వల్ల రాయి జారిందని రాశాను. గ్లవ్స్ వేసుకోలేదని కూడా చేర్చాను. మూడు వేళ్ళూ తీసేశారు. నెల తిరక్కుండా అతన్ని ఇంటికి పంపేశారు. ఇక ఉలి పట్టలేడు. అజాగ్రత్త మనిషన్న పేరొకటి, నేను చెక్కింది, అతనితోపాటే వెళ్ళింది.

ముదీర్ ఆ సాయంత్రం అసలు రానేలేదు.

ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నది ఒకటే. సమ్మెట అప్పటికే దిగుతోంది, ఆపడం ఎవరి తరమూ కాదని. నిజమేనా? రాళ్ళ మధ్య ఇన్నేళ్ళు బతికినవాణ్ణి, దిగే సమ్మెటను పక్కకు మళ్ళించడం నాకు రాదా? అయినా అది దిగుతుంటే కదా. ఇంకా నా తల మీదే ఉంది. చెయ్యి కనిపించింది. గోళ్ళ సందుల్లో వెన్న కూడా కనిపించింది.

చూసే కొట్టాను.

ఈ మాట చెప్పాల్సింది నాగన్నకు, మీకు కాదు. తెలుసు. కానీ ఇంతవరకు ఇది నా చేత్తో నేను ఎక్కడా రాయలేదు. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. ఆడుతున్నందుకు సిగ్గుగానూ ఉంది.