మైలింటి ముంగిట పాట

ధనుర్మాసం తెల్లవారుజామున ఇత్తడి భజన తాళాలు చేతిలోకి తీసుకుంటే ముందు చలి తెలుస్తుంది, ఆ తర్వాతే బరువు. ఈ ఉదయం అరసవల్లిలో మా వీధి మొదట్లో నిలబడి తాళాల తాడు వేళ్లకు చుట్టుకుంటుంటే, వాటి అంచున ఉన్న చిన్న సొట్ట బొటనవేలికి తగిలింది. ఒకసారి మోగించి చూశాను. కాస్త బొంగురుగా, కానీ వీధంతా వినపడేలా పలికాయి. అచ్చం వాటి యజమానురాలి గొంతులాగే. ఆవిడ పేరు వరాలమ్మ. మా ఎదురింట్లో కిరాణా కొట్టు నడిపేది. వాళ్లు వ్యాపారస్తులు, మేము వరి పండించుకునేవాళ్లం, చుట్టరికం ఏమీ లేదు. అయినా వీధి వరసన నాకు అత్త. నాకు వాదించడం పుట్టుకతో వచ్చిందని మా ఆయన అందరికీ చెబుతాడు. అది తప్పు. ఎమ్మే చదివినందువల్ల వచ్చిందని మా ఆడపడుచు అంటుంది. అది ఇంకా తప్పు. ఆ విద్య నేను వరాలత్త కొట్టు గుమ్మంలో నిలబడి నేర్చుకున్నాను.

మా వీధిలో నెలంతా తెల్లవారకముందే భజన బయలుదేరేది. ముందు రాములవారి పటం, వెనక హార్మోనియం, మృదంగం, తాళాలు. పాడేది మగవాళ్లు. ఆడవాళ్లు వాకిట్లో హారతి పళ్లెం పట్టుకుని నిలబడాలి. నేను హైస్కూల్లో ఉండగా ఒక ఏడు వరాలత్త ఆ పళ్లెం కోడలి చేతికిచ్చేసి, కొత్త తాళాలతో వీధిలోకి దిగింది. పటం మోసే సింహాచలం మావ భజనకు పెద్ద. ఆడవాళ్లు వీధిలో పాడడం ఎక్కడైనా ఉందా అని ఆయన అడిగాడు. "మీ గొంతులినీసి రాముడు దుప్పటి ముసుగెట్టుకున్నాడన్నా. లేపడానికి నానొచ్చినాను" అంది అత్త. వీధంతా నవ్వింది. సింహాచలం మావ కూడా నవ్వాడు. నవ్విన మనిషి ఇక కాదనలేడు. మరి రెండు రోజులకల్లా మా వీధి ఆడవాళ్లు సగం మంది పాటలో ఉన్నారు. తాళం తప్పితే ఆవిడ మోచేత్తో పొడిచేది. నన్నయితే మరీ గట్టిగా పొడిచేది.

ఆ భజనలో మా నాన్న గొంతు అందరికీ గుర్తు. బాగుండి కాదు. పాట చివర అందరూ ఆపేశాక కూడా ఆయన "రామా" అని ఒక్కడే లాగుతూ ఉండేవాడు. తాళాలు ఎత్తిపట్టుకుని అందరూ ఆయన కోసం ఆగాలి. వంటింట్లోంచి మా అమ్మ వెక్కిరించేది, ఆ రాగం కోటబొమ్మాళి స్టేషను దాటినా ఆగని బండి అని. నాన్న ఆ మాట విని మర్నాడు ఇంకాస్త లాగేవాడు.

నేను డిగ్రీ చదువుతుండగా వానాకాలంలో నాన్న పోయాడు. ఆ ధనుర్మాసం మాకు పండుగ లేదు. పోయిన మనిషి ఇంటికి ఏడాది మైల. అలాంటి ఇంటి ముందుకు రాగానే భజన వాళ్లు తాళాలు అరచేతుల్లో అదిమిపట్టి, మౌనంగా దాటి, పక్కింటి దగ్గర మళ్లీ ఎత్తుకునేవారు. మర్యాదతోనే చేసేవారు, కాదనను. కానీ లోపల పడుకుని వినేవాళ్లకు అదెలా ఉంటుందో నాకు తెలుసు. పాట దగ్గరికొచ్చి, మా గుమ్మం ముందు ఊపిరి బిగబట్టి, వట్టి అడుగుల చప్పుడై వెళ్లిపోయేది. అప్పుడు అమ్మ గోడవైపు తిరిగి పడుకునేది. ఆమె తిండి తగ్గిపోయింది, మాట దాదాపు లేదు. నాన్న తర్వాత అమ్మ కూడా మెల్లగా జారిపోతోందని నాకు భయం పట్టుకుంది. కొట్టుకు వెళ్లి వరాలత్త మీద విరుచుకుపడ్డాను. ప్రతిదానికీ నోరు చేసుకునేదానివి, దీనికెందుకు మూగబోయావు అని అడిగాను. ఆవిడ చేతిలోని తక్కెడ కింద పెట్టింది. అమ్మ ఏం తింటోందని అడిగింది.

మర్నాడు అడుగుల చప్పుడు మా గుమ్మం దాటలేదు. కిటికీలోంచి చూస్తే వరాలత్త వీధి మధ్యలో నిలబడి ఉంది. మైలింటి ముందు దేవుడి పటం ఆగకూడదని, అది పెద్దలు పెట్టిన కట్టుబాటని సింహాచలం మావ నచ్చజెబుతున్నాడు. పోయినవాడు నా నేస్తం, నాకు మాత్రం బాధ లేదా అన్నాడు.

"నీకు బాద లేదని ఎవులన్నారన్నా" అంది అత్త మెల్లగా. "కట్టుబాటు పటానికి గదా. పటాన్నట్టుకుని నువ్వు ముందుకెల్లి ఆ మలుపుకాడ నిలబడు. మేమిక్కడ పాడతాం. రాముడికి సెవులున్నాయి, అక్కణ్ణించే ఇనుకుంటాడు."

ఆయన పటం గుండెకు ఆనించుకుని మలుపు దాకా నడిచాడు. వాళ్లు నాన్న పాట ఎత్తుకున్నారు. చివరికొచ్చాక అత్త చెయ్యెత్తి తాళాలన్నీ ఆపించి, నాన్నలాగే "రామా" అని లాగబోయింది. నా వెనక గడియ తీసిన చప్పుడైంది. దుప్పటి కప్పుకునే అమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"అలగ కాదు వరాలూ. ఆయన అంత బేగి ఆపీసేవోరేటి?"

"మరెలగో నువ్వే సెప్పు" అంది అత్త.

అమ్మ పాడింది. ఎన్నో ఏళ్లు వెక్కిరించిన రాగాన్ని ఊపిరి చాలినంత మేరా లాగింది. సగంలో గొంతు పగిలితే, మలుపు దగ్గర నుంచి సింహాచలం మావ గొంతు వచ్చి దాన్ని అందుకుంది. ఆ పూట అమ్మ అడిగి మరీ గంజి తాగింది.

ఆ తర్వాత కాలేజీలో, ఉద్యోగంలో గొప్ప వాదనలు చాలా విన్నాను. వాటిలో చాలామటుకు ఎదుటివాణ్ణి పడగొట్టడానికే. వరాలత్త వాదిస్తే మాత్రం ఎదుటి మనిషికి పరువుగా నిలబడేందుకు ఒక మలుపు మిగిలేది. నేను నోరున్నదాన్నని ఎవరైనా అంటే గర్వంగానే ఒప్పుకుంటాను. అది ఎవరి దగ్గర దిద్దుకున్న నోరో నాకు తెలుసు. మరుసటి ఏటి నుంచి ఆవిడ మరో అడుగు వేసింది. ఆ ఏడు మనిషిని పోగొట్టుకున్న ఇంటి ముందే తొలిపాట మొదలవ్వాలంది. అదీ జరిగింది.

మొన్న శ్రావణంలో వరాలత్త పోయింది. ఆవిడ కోడలు ఈ తాళాలు నా చేతిలో పెట్టింది. మా వీధిలో ఇప్పుడు లాడ్జీలు వచ్చాయి, అద్దెకు కొత్తవాళ్లు వచ్చారు. అత్త కొట్టు ముందు పాడడానికి ఎవరైనా అడ్డు చెబుతారేమోనని, ఈ ఉదయం మాటలు బాగా పదును పెట్టుకునే వెళ్లాను. అవసరం పడలేదు. కొట్టు షట్టరు సగం ఎత్తి ఉంది, లోపల దీపం వెలుగుతోంది. నడుం వంగిన సింహాచలం మావ పటాన్ని మలుపుకు తీసుకెళ్లలేదు. తానే ఆ కొట్టు మెట్టు మీద ఆనించి, పక్కన కూర్చున్నాడు.

భోగాపురం నుంచి కొత్తగా మా వీధికి వచ్చిన కోడలు పిల్ల ఆయన్ని అడిగింది, "మావా, పోయినోల ఇంటికాడే మొదలెట్టడం ఇక్కడ పద్దతా?"

"పూర్వం నించీ ఉన్నాది" అన్నాడు మావ, నా వైపు చూడకుండా. "మా పెద్దలు పెట్టిన కట్టుబాటమ్మా."

జవాబు నా నాలుక చివరిదాకా వచ్చింది. నా జన్మలో ఇంత తేలిగ్గా గెలిచే వాదన మరొకటి దొరకదు. అయినా సొట్ట తాళాలు ఎత్తి, పాట మొదలుపెట్టాను.