నాంచారమ్మ ఆగిన మంచం

2023 మే నెల. నూజివీడు దగ్గర మామిడి తోటల మధ్య ఉన్న ఓ వృద్ధాశ్రమంలో నర్సుగా చేస్తున్నాను. పద్దెనిమిది మంది పెద్దవాళ్లు, పగలంతా నేనొక్కదాన్నే.

వాళ్లలో నాంచారమ్మకి చూపు లేదు. బతుకంతా కాయలు మాగేసే షెడ్డులో చేసిన మనిషి. వరిగడ్డిలో చెయ్యి పెట్టి, వాసన చూసి, లోపల కుళ్లుతున్న కాయని ఏరి పారేయడం ఆవిడ పని. ఇక్కడా మధ్యాహ్నం భోజనాలయ్యాక గోడ పట్టుకుని ప్రతి మంచం దగ్గరికీ వెళ్లి, వంగి వాసన చూసేది. ఎక్కడైనా కాసేపు ఆగిందంటే హాల్లో మాటలు ఆగిపోయేవి. ఆ వేసవిలో ఆవిడ అలా ఆగిన ఇద్దరూ వారం తిరక్కుండానే పోయారు.

"ఆవిడ్ని నా దగ్గరికి రానివ్వకమ్మా" అని అందరూ నా చెయ్యి పట్టుకునేవారు. నాకూ భయమే. చదువుకున్నదాన్ని కాబట్టి పైకి చెప్పలేదంతే. భోజనాలవగానే ఆవిడ గదికి బయట గడియ పెట్టడం మొదలుపెట్టాను.

ఓ రోజు గడియ మర్చిపోయాను. వచ్చి చూసేసరికి ఆవిడ రంగారావు గారి మంచం దగ్గర నిలబడి ఉంది. పక్షవాతంతో మాట పడిపోయిన మనిషి ఆయన. నా వైపు చూస్తూ వణికిపోతున్నారు.

"ఈ కాయ తీసెయ్యమ్మా" అంది మెల్లగా.

"ఏంటి మామ్మా ఆ మాటలు? పద గదికి."

"కోప్పడకమ్మా. పైన బానే ఉంది. కిందవైపు పోతోంది."

ఆవిడ్ని పంపేసి టెంపరేచర్, బీపీ చూశాను. నార్మల్. టర్నింగ్ చార్ట్ తీశాను. మంచాన పడ్డవాళ్లని రెండు గంటలకోసారి పక్కకి తిప్పి, తిప్పినట్టు అందులో సంతకం పెట్టాలి. అన్ని గళ్లలోనూ నా సంతకం ఉంది. ఆయన భారీ మనిషి. ఒక్కదాన్నే తిప్పలేక, తలగడ సర్ది సంతకాలు పెట్టేశాను.

వంటావిడని పిలిచి, ఇద్దరం కలిసి తిప్పాం. నడుము కింద చర్మం నల్లబడి ఉంది. వేలు ఆనిస్తే మెత్తగా దిగింది. ప్రెషర్ సోర్, అంటే ఒకేవైపు పడుకోబెట్టడం వల్ల పడే పుండు. లోపలంతా చీము. వెంటనే విజయవాడ పంపాం. ఇంకో రెండు రోజులాగితే దక్కేవారు కాదన్నారు డాక్టరు గారు.

ఆ సాయంత్రం, ముందు పోయిన ఇద్దరి చార్టులూ తీశాను. గళ్లన్నీ నిండే ఉన్నాయి. వాళ్లనీ నేను తిప్పలేదు. వాళ్లు దేనితో పోయారో నాకిప్పటికీ తెలీదు.

రంగారావు గారు నెల తర్వాత తిరిగొచ్చారు. అప్పటికి పగటి డ్యూటీకి ఇంకో మనిషిని పెట్టించుకున్నాను. కొత్త నర్సులు ఫోన్ చేసి, ముసలివాళ్ల దగ్గర మంచి ఉద్యోగమంటే ఎలా ఉండాలని అడుగుతుంటారు. తిప్పలేనప్పుడు గడి ఖాళీగా వదలడానికి భయపడక్కర్లేని చోట చేరండి అంటాను. ఖాళీ గడి కనిపిస్తే ఎందుకని ఎవరైనా అడుగుతారు. నా సంతకాలు చూసి ఎవరూ ఏమీ అడగలేదు.