తెలిసే చెప్పిన మాట

కక్కలేక మింగలేక ఇన్నాళ్లు మోశాను ఈ బరువును. ఇంట్లో ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

చెన్నై పక్కన మనలిలో ఒక రసాయనాల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ని నేను. డ్రమ్ములు నింపే షెడ్డులో విషపుగాలిని బయటికి లాగే ఫ్యాన్లు చెడిపోయి నెలలు గడిచాయి. ఇద్దరు స్పృహ తప్పి పడిపోయారు కూడా. మేనేజరు పట్టించుకోలేదు. సమ్మె చేయాలంటే ముందు నోటీసు ఇవ్వాలి, ఆపైన చర్చలంటారు, అది తెగేది కాదు. అందుకని అందరూ ఒకే రోజు లీవు పెడదామన్నాడు సుబ్బరామయ్య. నెల్లూరు వైపు మనిషి, ఆ షెడ్డులో అందరికంటే పాతవాడు. గేటు బయట టీకొట్టు దగ్గర నన్ను పట్టుకున్నాడు.

"అందరం ఒకే దినం లీవు పెడితే ఏమన్నా తప్పా తమ్ముడూ? చదువుకున్నోడివి, నువ్వు చెప్పు."

కొత్త కార్మిక చట్టం గురించి ఆ వారమే మా సూపర్‌వైజర్లకు క్లాసు చెప్పారు. సగం మంది కలిసి ఒకే రోజు లీవు పెడితే అది కూడా సమ్మే. నోటీసు లేదు కాబట్టి నేరం. వాళ్ల ఆలోచన మేనేజరు చెవిన అప్పటికే పడింది. "అడిగితే అడ్డం చెప్పకు" అన్నాడు నాతో. నాదీ గడువు పెట్టిన ఉద్యోగమే. దాన్ని పొడిగించాల్సింది ఆయనే.

"లీవు మీ హక్కన్నా. ఆడ అడిగేదెవురు? పెట్టుకోండి" అన్నాను.

భయపడ్డానా? పడ్డాను. కానీ ఒట్టి భయమే అయితే నాకు తెలియదని ఊరుకోవచ్చు కదా! హక్కు అనే మాట నోటికెలా వచ్చింది? నా పని నిలబడితే చాలు, వాళ్లు ఏ గంగలో కలిస్తే నాకేమిటి అని లోపల ఎక్కడో అనుకోబట్టే కదా, అంత నున్నగా చెప్పగలిగాను? ఛీ.

నోటీసు లేని సమ్మె అని లీవు పెట్టిన వాళ్లందరినీ తీసేశారు. కొత్తవాళ్లను తెచ్చారు. ఫ్యాన్లు ఇప్పటికీ తిరగడం లేదు. నా గడువు పొడిగించారు.

మొన్న సౌకార్‌పేటలో మూటలు మోస్తూ సుబ్బరామయ్య కనబడ్డాడు. తప్పుకుపోబోయాను, ఆయనే పిలిచాడు. పని పోయినవాళ్లు ఆయనతో మాట్లాడటం మానేశారట. లీవు పెడదామన్నది ఆయనే కదా.

"నీ పేరు ఎవురికీ చెప్పలేదులే తమ్ముడూ. చెప్తే నీ పనికి ఎసరు పెడతారు. పాపం, నీకు మాత్రం ఏం తెలుసు?"

తల ఊపాను. ఆయన టీ ఇప్పిస్తే తాగాను కూడా.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సింది మీరు కాదు. ఆయన దగ్గరికి వెళ్లి చెబుతానని ఒట్టు వేయలేను, నా పిరికితనం నాకు తెలుసు. కనీసం ఇక్కడైనా రాయనివ్వండి, కాస్త ఊపిరాడుతుంది.

అన్నా, నాకు అంతా తెలుసు. తెలిసే చెప్పాను.