కొట్టుకునే దగ్గర్నుంచి చదవమన్నారు

ఈ రోజు మధ్యాహ్నం దరియాలతిప్పలో వలలు బాగుచేసే పాకలో నాకు చాలా కోపం వచ్చింది. వల కుట్టేవాళ్ల చేతులు ఖాళీగా ఉండవు కాబట్టి రోజూ ఒకరు ఏదో ఒకటి చదివి వినిపించడం అక్కడి అలవాటు. ఈ నెల నా వంతు. నేను ముందే చదివిన ఒక నవలను ఫోన్లో చూసి చదువుతున్నాను. అందులో ఇద్దరు పడవ యజమానులు, ఇద్దరూ మగవాళ్లే, ఒకరంటే ఒకరికి పడదు. ఒకరి వల ఒకరు కోసినా, కాలర్లు పట్టుకున్నా పాకంతా ఈలలే.

ఇవాళ్టి భాగంలో ఒకడు మునిగిపోతుంటే రెండోవాడు దూకి ఒడ్డుకు లాగాడు. పట్టుకున్న చెయ్యి వదలకుండా, "నువ్వు లేకపోతే నేనుండలేను" అన్నాడు.

"ఆపరా! ఛీ, ఇదేం కతరా?" అన్నాడు నూకరాజు మావయ్య.

"నిన్న పీక నొక్కుతుంటే ఇంకా చదవమన్నావు కదా మావయ్యా?"

"అది మగోళ్ల గొడవరా. ఇది ఏరే సంగతి. మళ్లీ కొట్టుకునే కాడికెళ్లి అక్కణ్ణించి సదువు."

పీక నొక్కితే వినడానికి బాగుంటుంది, చెయ్యి పట్టుకుంటే మాత్రం చెవులు మూసుకోవాలట! వాళ్లందరూ ఆ ఒక్క మాట వినాలనే పదిహేను రోజులుగా చదువుతున్నాను. అంతగా పోట్లాడినవాడికే ఎదుటివాడి పంతం, భయం అన్నీ తెలుస్తాయి. అన్నీ తెలిసి ప్రేమించాడంటే నేను నమ్ముతాను. ఇదంతా అక్కడ చెప్పలేకపోయాను. "చదివితే ఆపిన చోటి నుంచే చదువుతాను" అని మాత్రం అని లేచాను.

సైకిలెక్కుతుంటే వెనక నుంచి మావయ్యే అరిచాడు. "ఒరేయ్, ఆకర్న కలుత్తారా లేదా? అది సెప్పెళ్లు!"

చెప్పలేదు. మీరైతే చెప్పేవారా?