సులోచనమ్మ బంతిపాటకు వేసిన తాళం

పగలూ రాత్రీ అనే అక్కచెల్లెళ్లిద్దరు తెల్లపోగులూ నల్లపోగులూ పట్టుకొని కాలమనే మగ్గం మీద ఎడతెగకుండా నేస్తూ ఉంటారని మన పెద్దలు చెప్పిన ఆ వస్త్రంలో, తెలంగాణ పల్లెల నుండి పద్మశాలి కుటుంబాలు తమ మూలపురుషుడు భావనాఋషిని తలచుకొంటూ సోలాపూరు చేరిన అంచు ఎన్నడో చుట్టుకొని పోగా, చేతిమగ్గాలు మౌనం వహించి పవర్‌లూములు రొద అందుకొన్న భాగం కూడా మడతల్లోకి జారగా, అవ్వలు తెలుగులో పాడిన పాటలను మనుమరాళ్లు మరాఠీ అక్షరాలలో రాసుకొనే ఈనాటి రోజులలో, అరచేతిలో పట్టే ఫోనులో ఒక బడి పెట్టి, ఆ బడికి తాళం వేయించి, ఆ తాళాన్ని తన నోటితో తానే తీయించుకొన్న కీర్తి నీలం నగర్ సులోచనమ్మకే దక్కింది.

సులోచనమ్మ భర్త గోవర్ధన్‌కు తువాళ్లు నేసే చిన్న కారఖానా ఉంది. ఆమెకు గొంతు ఉంది. ఏ ఇంట పసుపు దంచినా, ఏ పందిట్లో హారతి పట్టినా ఆ గొంతు లేనిదే శుభకార్యం ముందుకు సాగదు. అయితే ఆమె పేరు నిలిచింది ఆ మంగళగీతాల వల్ల కాదు, బంతిపాట వల్ల. పెండ్లివిందులో వరునివైపువారు వరుసగా బంతిలో కూర్చోగానే, వధువువైపు ఆడవారు వియ్యపురాలిని ఎగతాళి చేస్తూ పాడే పాట అది. అశోక్ చౌక్ మొదలు కొంతం చౌక్ దాకా ఎందరో వియ్యపురాళ్లు సులోచనమ్మ పాట వినీ వినగానే లడ్డూ మింగలేక, ఉమ్మలేక, కన్నులు తేలవేశారు. తిరిగి బదులు పాడిన వియ్యపురాలు నాటికి పుట్టలేదు. ఒక్కొక్క వియ్యపురాలికి ఒక్కొక్క కొత్త పాట కట్టడం ఆమె వ్రతం. ఆ పాట బంతికి ముందు ఎవరి చెవినా పడరాదన్నది ఆ వ్రతనియమం.

నియమానికి భంగం కలిగించింది వాట్సాప్. తెలుగు చదవరాని కొత్తకోడళ్లు పాటలు నేర్పమని వస్తే, ఆమె పాడి పంపేది. వారు మరొకరికి పంపేవారు. ఒకనాడు ఆమె బంతిపాట ఆమెకంటె ముందే పెండ్లికి వెళ్లి కూర్చొంది. అప్పుడు కోడలు శీతల్ ఉపాయం చెప్పింది.

"అత్తమ్మా, గ్రూపుల ఎయ్యుడు బంద్ చెయ్యుండ్రి. ఆన్‌లైన్ కోర్సు పెడ్దాం. మెంబర్లకే కనబడ్తది. ఒక్కో పాఠం దాని దినమొస్తెనే తెరుసుకుంటది."

"దినమొచ్చిందని దానికెవ్వరు జెప్తరే?"

"మనమే ముందుగాల తారీఖు ఏసి పెడ్తం. అప్పటిదాంక తాళం."

"మరి తాళంచెవి ఎవ్వరి కొంగుకుంటది?"

"చెవి ఉండదు, పాస్‌వర్డ్ ఉంటది. మామయ్య పేరు పెట్టిన. మీ నోట్లకెళ్లి అది సచ్చినా బయటికి రాదు."

పెండ్లినాడు ముక్కుపుడక తాకట్టుగా పట్టుకొని బలవంతపెడితే తప్ప భర్త పేరు పలకని ఇల్లాలు సులోచనమ్మ. ఇంతటి గట్టి తాళం లోకంలో వేరొకటి ఉండదని ఆమెకు నమ్మకం కుదిరింది. తన పేరుకు ఇంత విలువ వచ్చినందుకు గోవర్ధన్ ఆనాడంతా మీసం దువ్వుకొంటూ తిరిగాడు.

మొదటి పాఠం హారతిపాట. పక్కన కారఖానాలో మగ్గాలు ఆడుతుండగానే పాడి ఎక్కించారు. నేర్చుకొన్నవారు పాటతోపాటు మగ్గాల ఖట్‌ఖట్‌ను కూడా భక్తితో నేర్చుకొన్నారు. ఒక ఇంట పూజలో పదిమంది ఆడవారు హారతి పాడుతూ, నడుమ నడుమ నాలుకతో ఖట్‌ఖట్‌మని చప్పుడు చేయడం చూసి పురోహితుడు మంత్రం మరచిపోయాడట. అటుపిమ్మట భోజనాలవేళ మగ్గాలు ఆపించి పాడడం మొదలుపెట్టారు. సోమవారం సోమవారం ఒక పాఠం దానంతట అదే తెరుచుకొనేది. సభ్యురాళ్లు పెరిగారు.

ఇంతలో సులోచనమ్మ చిన్నకూతురు మయూరికి కొంతం చౌక్ విశాల్‌తో పెండ్లి కుదిరింది. విశాల్ తల్లి నర్సుబాయి. ఎవరింటి విందుకు వెళ్లినా తన మామిడికాయ తొక్కు చిన్న డబ్బీలో పెట్టుకొని, చంకన ఇరికించుకొని వెళ్లడం ఆవిడ అలవాటు. సులోచనమ్మ పాటకు ఇంతకంటె ఏం కావాలి? డబ్బీ మీద పాట పుట్టింది. చిక్కల్లా ఏమిటంటే, నర్సుబాయి కూడా కోర్సులో సభ్యురాలే.

"ఆమె పేరు తీసెయ్యనా అత్తమ్మా?"

"ఎందుకే? హారతి నేర్సుకోనియ్యి, పుణ్యమొస్తది. బంతిపాట తాళంల ఉంటది గద! పెండ్లి పొద్దుగాల తెరుసుకుంటె మన ఆడోళ్లు జడలేసుకుంటనే నేర్సుకుంటరు. వియ్యపురాలు అప్పటికి బరాత్‌ల ఎగురుతుంటది. ఫోను జూసే ఫుర్సత్ యాడిది?"

నవ్వుతూనే అన్నా, ఆమె గుండెలో బరువు లేకపోలేదు. ఇన్నేళ్లూ పరుల బిడ్డల పెండ్లిళ్లలో నిలిపిన పేరు సొంతబిడ్డ పెండ్లిలో పోతే, రేపు నీలం నగర్‌లో ఏ పందిట్లోకి వెళ్లి గొంతు సవరించుకోగలదు?

పెండ్లికి రెండు రోజులుందనగా ముంగిట పసుపు దంచుతున్నారు. శీతల్ ఫోను ముందు పెట్టుకొని, రోకళ్ల చప్పుడుకు మించి అరిచింది.

"అత్తమ్మా! బంతిపాటకు తారీఖు అడుగుతున్నది, ఏమెయ్యాలె?"

"పర్వా!" అని సులోచనమ్మ రోకటిపోటు ఆపకుండానే బదులిచ్చింది.

గడచిపోయిన దినానికి మొన్న అనీ, రాబోయే దినానికి ఎల్లుండి అనీ మన తెలుగు పూర్వులు రెండు మాటలు పెట్టి పుణ్యం కట్టుకొన్నారు. మరాఠీలో ఈ రెండింటికీ ఒకే మాట, పర్వా. సోలాపూరు తెలుగు ఇండ్లలో ఆ మాట ఎన్నడో నట్టింటికి వచ్చి చాప వేసుకొని కూర్చొంది. సులోచనమ్మ మనసులో ఉన్నది ఎల్లుండి జరగబోయే పెండ్లి. శీతల్‌కు తోచినది వేరు. సోమవారాల వరుస మొదట ఒకసారే పెట్టింది గనుక, విడిగా ఒక్క పాఠానికి తారీఖు వేయడం ఆమెకు ఇదే మొదలు. ఆ పాట పాడి ఎక్కించినది మొన్ననే కనుక, ఫోను అడిగేది పాట పాడిన తారీఖు కాబోలనుకొంది. మొన్నటి తారీఖు వేసి నొక్కింది. గడువు ఎప్పుడో దాటిందని తలచిన ఆ యంత్రం కిర్రుమనైనా అనకుండా సభ్యురాళ్లందరికీ తలుపు బార్లా తెరిచింది. పెండ్లిపనుల్లో ఇంట్లో ఎవరూ ఆ వైపు చూడలేదు. చూడకూడనివారు కొంతం చౌక్‌లో చూశారు.

పెండ్లినాడు బంతి సాగింది. కొత్తదంపతులు నడుమ, నర్సుబాయి వారి పక్కన. విస్తళ్లలో లడ్డూలు పడ్డాయి. సులోచనమ్మ కొంగు బిగించి, తన ఆడవారికి కనుసైగ చేసి, గొంతు సవరించింది. అంతలో నర్సుబాయి చంకలోని డబ్బీ తీసి పక్కన పెట్టి, చేతులు తట్టి అందుకొంది.

"ఫోను చెవిన బెట్టి వచ్చెనే వియ్యపురాలు,
వచ్చీ రాంగానే లడ్డూకు తాళమేసెనే,
శీతలూ, పాలు పొంగుతున్నయ్ సూడే!
పప్పుకు తాళమేసెనే వియ్యపురాలు,
పాటకు తాళమేసి తానే మరిచెనే,
శీతలూ, పాలు పొంగుతున్నయ్ సూడే!"

బాణీ సులోచనమ్మదే. మాటల కట్టుబాటూ ఆమెదే. డబ్బీ ఉండవలసిన చోట ఫోను వచ్చి చేరింది. ఇక ఆ పాలగొడవ ఏమిటంటే, పాఠం పాడుతుండగా పొయ్యి మీద పాలు పొంగితే ఆమె రాగం తప్పకుండా కోడలికి వేసిన కేక అది. తాళానికి చక్కగా అమరడంతో వరునివైపు ఆడవారంతా దానిని పల్లవి అనుకొని శ్రద్ధగా వల్లించారు. రెండో మారు పల్లవికి వడ్డించేవారు కూడా గొంతు కలిపారు.

"ఏమే, తాళం ఎయ్యలేదా?" అని సులోచనమ్మ కోడలి చెవిలో బుసకొట్టింది.

"మీరే పర్వా అంటిరి గద! పర్వా తారీఖే ఏసిన."

"ఏ పర్వా?"

"అయిపోయిన పర్వా!"

"నేనన్నది రాబోయే పర్వానే పిచ్చిదానా!"

నేతి గిన్నెతో అటు వచ్చిన గోవర్ధన్ ఆగి, "ఏ పర్వా అయితేంది గాని, నా పేరు మాత్రం బయటికి రాలె గద?" అన్నాడు.

నర్సుబాయి తొక్కు నంజుకొంటూ తల ఎత్తింది. "ఏంది వదినె, గొంతు పట్టేసిందా? డబ్బీల శొంఠి గూడ ఉన్నది, ఇయ్యమంటవా?"

బంతి బంతంతా గొల్లుమంది. సులోచనమ్మ కట్టిన పాట చేజారిపోయింది. కొత్తది నాలుక మీదికి రాదు. మయూరి బాసికం కింద నుండి, "అమ్మా, ఏదన్న అనే! నవ్వుతుండ్రు" అని గుసగుసలాడింది. సులోచనమ్మ కన్నులు మూసుకొని సరస్వతీదేవిని తలచింది. తెరిచేసరికి విస్తళ్లూ, నవ్వే ముఖాలూ, చెవుల్లో గింగురుమనే ఆ పాలకేకా తప్ప మరేమీ లేవు. ఆ కేకనే పట్టుకొంది.

"పాలు పొంగె ఇంటికే పిల్లనిస్తి వదినె,
పొంగితె సూసెటోళ్లు మీకెవ్వరే వదినె?
శీతలు మా ఇంట్లనే ఉంటది వదినె,
పొయ్యికాడ నీ కొడుకునే కూసోబెట్టు వదినె!"

వరుడు విశాల్ కొత్త అల్లుడు, నెమ్మదస్తుడు. తనను నిజంగానే అడిగారనుకొని, చేతిలో లడ్డూతో సగం లేచి, "నేను సూస్త అత్తమ్మా! రోజు నేనే సూస్త!" అన్నాడు.

ఆ తరువాత పుట్టిన నవ్వుకు పందిరి గుడ్డలు ఊగాయి. నర్సుబాయి పొలమారి, దగ్గి, కన్నీళ్లు తుడుచుకొని, "బస్ వదినె, బస్! పాటకు పాట జెప్పేదాన్నే గాని, నా కొడుకే నీ దిక్కు పోయె. ఇగ నేనేం పాడుదు?" అని డబ్బీ మూత తీసి తొక్కు ముద్ద స్వయంగా సులోచనమ్మ నోట్లో పెట్టింది. అది నిప్పులాంటి కారం. సులోచనమ్మ నోరు ఆ పూటకు నిజంగా మూతపడింది. కానీ పేరు నిలిచింది.

ఇప్పుడా కోర్సులో వరునివైపు బదులుపాటలు నర్సుబాయి నేర్పుతున్నది. తారీఖులు మాత్రం శీతల్ కాగితం మీద అంకెలు వేయించుకొనిగాని ఎక్కించదు.

మార్కండేయునికి నిండు ఆయువిచ్చిన ఆ మృత్యుంజయుడు సులోచనమ్మ గొంతుకు చెదరని నాదాన్ని, గోవర్ధన్ మగ్గాలకు తెగని పోగును, శీతల్‌కు అత్త మెప్పును, మయూరీ విశాల్‌ల కొత్తకాపురానికి పిల్లాపాపలతో నిండిన ముంగిలిని అనుగ్రహించి, ఆ ఇంటి పందిట నవ్వు తరతరాలు నిలుపుగాక!