రెండో జవాబు

మా సెక్షన్ పెద్దాయన ఎవరి మొదటి జవాబునూ నమ్మరు. ప్రశ్న అడుగుతారు, మనం జవాబు చెబుతాం, ఆయన కళ్లజోడు పైనుంచి మనకేసి చూస్తూ ఊరుకుంటారు. అలా ఎంతసేపైనా ఊరుకోగలరు. చాటుగా మేం ఆయనకు పెట్టుకున్న పేరు ఇంకాసేపుగారు.

నేను ఉద్యోగంలో చేరిన రోజు "టిఫిన్ తిన్నావా అమ్మా?" అన్నారు. "తిన్నానండి" అన్నాను. చూస్తూనే ఉన్నారు. వినపడలేదేమోనని మళ్లీ చెప్పాను. కదల్లేదు. మూతికేమైనా అంటుకుందేమోనని తుడుచుకున్నాను. చివరికి తట్టుకోలేక "లేదండి, బస్సు తప్పిపోతుందని తినకుండా వచ్చేశాను" అన్నాను. "ఊఁ" అని ఆయన తన గదిలోకి వెళ్లిపోయారు. నేను తిన్నానో లేదో తెలుసుకుని ఈయనేం చేసుకుంటారో నాకు అర్థం కాలేదు.

ఈ జబ్బు ఆయనకు చమురు బావుల నుంచి అంటుకుంది. పగుళ్లున్న రాతిలో చమురెంతుందో లెక్కగట్టడం మా పని. బావిని కొన్నాళ్లు మూసి, అడుగున ఒత్తిడి ఎలా పెరుగుతోందో చూసి, కంప్యూటర్‌లో ఆ రాతికి నమూనా కడతాం. మూయగానే పగుళ్లలోని చమురు వల్ల తెర మీద ఒత్తిడి గీత గబగబా పైకెక్కుతుంది. తరవాత చతికిలబడుతుంది. తొందరపడేవాళ్లు ఇంతే సరుకనుకుని లేచిపోతారు. అసలు చమురు రాతి లోపలుంటుంది. అది నింపాదిగా పగుళ్లలోకి ఊరితే, గీత మళ్లీ లేస్తుంది.

"పగులు వాగుడుకాయమ్మా" అనేవారు పెద్దాయన. "రాయి నోరు విప్పాలంటే టైం పడుతుంది."

ఈ సూత్రం కూరగాయల కొట్టుకి కూడా వెళ్లింది. "టమాటాలు ఇవాళ్టివేనా?" అని అడిగారట. "ఇవాళ్టివే" అన్నాడు కొట్టతను. ఈయన చూశారు. "పొద్దున దిగాయండి." చూశారు. "నిన్న పొద్దున." ఇంకా చూశారు. "బాబ్బాబు, పక్క కొట్లో కొనుక్కోండి, నన్నొదిలెయ్యండి" అన్నాడట.

ఆయన భార్య మాతో అనేవారు: "మీ సార్‌తో దెబ్బలాట దండగ. నేనొక మాటంటాను, ఆయన ఊరుకుంటారు. చివరికి ఆయన తరఫున కూడా నేనే మాట్లాడి, నేనే ఓడిపోతాను."

ఓసారి కొండ పక్క బావిలో గీత చతికిలబడి ఎంతకీ లేవలేదు. మీటింగులో మేనేజర్ "ఇందులో ఏం లేదు, సిమెంటు పోసి పూడ్చేద్దాం" అన్నారు.

"ఇంకాసేపు" అన్నారు పెద్దాయన.

"ఇంకాసేపంటే ఎంత?"

పెద్దాయన ఆయనకేసి చూస్తూ ఊరుకున్నారు. మేనేజర్ పెన్ను తిప్పారు, నీళ్లు తాగారు. "సరే, ఇంకో వారం. కానీ ఎవరో ఒకరు అక్కడే ఉండి చూడాలి. నువ్వు వెళ్తావా అమ్మా?" అన్నారు నాతో.

"వెళ్తానండి" అన్నాను. అందరూ ఫైళ్లు మూశారు.

పెద్దాయన లేవలేదు. నాకేసి చూస్తున్నారు. "ఇవాళే బట్టలు సర్దుకుంటానండి" అన్నాను. చూస్తూనే ఉన్నారు. సగం లేచిన మేనేజర్, లేవాలో కూర్చోవాలో తెలియక అలాగే వంగి నిలబడ్డారు.

"అమ్మకి గురువారం గుండె ఆపరేషనండి" అనేశాను. "ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. కొత్తగా చేరాను కదా, కాదంటే ఏమనుకుంటారోనని..."

"ఊఁ" అన్నారు పెద్దాయన. "బావికి నేను వెళ్తాను."

జీపెక్కితే ఆయనకు వాంతులని ఆఫీసంతటికీ తెలుసు. "మీకు ఘాట్ రోడ్డు పడదు కదా సార్?" అన్నారు మేనేజర్.

"పడదు" అన్నారు పెద్దాయన. మేనేజర్ ఊరుకుని చూశారు. రెండో జవాబేమీ రాలేదు.

అన్నాళ్లూ ఆయన్ని అనుమానం మనిషనుకున్నాను. ఎదుటివాళ్లకు మనసులో మాట చెప్పుకోడానికి కాస్త వ్యవధి ఇస్తున్నారని అప్పుడు తెలిసింది. ఆయనంటే నాకు చెప్పలేనంత ఇష్టం కలిగింది.

ఆపరేషన్ అయ్యాక ఆసుపత్రికి ఫోన్ చేశారు. "గీత లేచిందమ్మా. రాతిలో బోలెడు సరుకుంది. సిమెంటు లారీని వెనక్కి పంపేశాం. అమ్మ ఎలా ఉంది?"

"బాగుందండి."

ఫోన్లో కొండగాలి తప్ప ఏమీ వినపడలేదు.

"నిజంగానే బాగుందండి. డాక్టరే చెప్పారు."

గాలి.

అమ్మ మంచం వైపు చూశాను. "సూపులో ఉప్పు లేదని నర్సుతో తగువు పెట్టుకుందండి" అన్నాను.

"ఊఁ" అన్నారు. "అయితే బాగానే ఉంది."